ఎదురు రాని చూపు

ఆ జిల్లా ఆసుపత్రిలో పక్షవాతం వచ్చిన మనిషి మెదడులోంచి రక్తపు గడ్డ తీయాలంటే, ఆ మనిషిని చివరిసారి బాగుండగా చూసినవాళ్ళ కంట్లోంచి ముందు ఆ చూపును బయటికి తీసి, తూచి, దాని మీద టైము ముద్ర కొట్టాలి. ఈ పనికి కింది అంతస్తులో ఏడో నంబరు కౌంటరు ఉంది. తొమ్మిదికి తెరుస్తారు, ఒంటిగంటకు భోజనాలకు మూస్తారు. నొప్పేమీ ఉండదు. సన్నటి పట్టకారుతో లాగితే నానిన సగ్గుబియ్యపు గింజలాంటిది ఊడి వస్తుంది. నకలు చెల్లదు, అసలే ఇవ్వాలి. ఇచ్చినదాన్ని ఫైలుకు అంటించేస్తారు కాబట్టి చూపు తిరిగి రాదు, ఆ జ్ఞాపకమూ రాదు. ఈ సంగతి గోడ మీద పెద్దక్షరాలతో రాసే ఉంది.

వరహాలమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. పక్కనే ఎర్రటి అంకెల బోర్డు ఒకటి, ఆమె తమ్ముడి తలలో చచ్చిపోతున్న కణాల లెక్క చూపిస్తోంది. నిమిషానికి ఇరవై లక్షలకు కాస్త తక్కువ. రోగి ఎవరైనా లెక్క మారదు కనుక ఆ బోర్డు మరమ్మతుకు వచ్చింది లేదు.

తమ్ముడు గవర్రాజు లారీల మీద బొమ్మలూ అక్షరాలూ రాస్తాడు. చేతికి ఊత కర్ర పెట్టుకోకుండా గీత గీయగలిగిన పెయింటరు ఆ ఊళ్ళో అతనొక్కడే. ఆ సోమవారం పొద్దున షెడ్డులో ఒక లారీ వెనక ‘నిదానమే ప్రధానం’ అని రాయడానికి కూర్చున్నాడు. పదకొండింటికి డ్రైవరు అబ్బులు వచ్చి చూసేసరికి ‘నిదానమే’ దాకా రాసి ఉంది. బ్రష్షు కింద పడి ఉంది. మూతి ఒక పక్కకు లాగేసింది, కుడిచెయ్యి లేవలేదు, మాట లేదు. అబ్బులు అతన్ని ఆటోలో వేసుకుని, దారిలో వరహాలమ్మను ఎక్కించుకుని, పదకొండూ నలభైకి ఆసుపత్రికి తెచ్చాడు.

డాక్టరు మంచివాడు. పెద్ద నరంలో గడ్డ అడ్డం పడిందని, తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి లాగేస్తామని, తొందరగా తీస్తే చెయ్యీ మాటా దక్కే అవకాశం ఉందని చెప్పాడు. గది సిద్ధంగా ఉంది, తనూ సిద్ధంగా ఉన్నాడు. ముద్ర ఒక్కటే రావాలి. చూపు ఆరు గంటల లోపుదైతే నేరుగా గదిలోకి తీసుకుంటారు. దాటితే ఫైలు పై అంతస్తులోని సంఘానికి వెళ్తుంది. సంఘం గురువారం కూర్చుంటుంది.

కౌంటరులో నాగరత్నం అనే గుమస్తా ఉంది.

“నేను చూశానండి,” అన్నాడు అబ్బులు ముందుకొచ్చి.

“బాగుండగా చూశారా?”

“లేదండి. పడిపోయుండగా.”

“అయితే అక్కర్లేదండి. అలాంటివి మా దగ్గర బోలెడున్నాయి. మామ్మగారూ, మీరు?”

“ఎనిమిదీ పదికి బయల్దేరాడమ్మా, నిక్షేపంలా ఉన్నాడు. ‘అక్కా, ఎదురు రావే’ అని కేకేశాడు. రోజూ అలాగే ఏడిపిస్తాడు నన్ను.”

“కేక వినడం చెవి పనండి. చెవి సాక్ష్యానికి నాలుగో కౌంటరు. దానికింకా సామాను రాలేదు. మీరు కంటితో చూసింది చెప్పండి.”

“రాత్రి అన్నం పెట్టినప్పుడు చూశాను.”

“అది పదిహేను గంటల కిందటిది. పొద్దుటి ముద్ర వేద్దామన్నా పడదు, దీపం వెలుతురు పట్టిచ్చేస్తుంది. ఇటు వంగండి, పొద్దుటివి ఏమున్నాయో చూద్దాం.”

నాగరత్నం చూపులు ఒక్కొక్కటే లాగి అద్దం పలక మీద పరిచింది. ఉతికిన చొక్కా వీపు. సైకిలు వెనక చక్రం. మళ్ళీ వీపు. మడమలు. అన్నీ తలుపు సందులో పట్టినంత మేరకు నిలువుగా, సన్నగా చీలి ఉన్నాయి.

“ముప్పై ఏళ్ళ సరుకు ఉందండీ మీ కంట్లో, అన్నీ వీపులే! ఒక్క మొహం లేదేంటండీ?”

“నేను ఎదురు రాకూడదు తల్లీ.”

నాగరత్నం ఆశ్చర్యపోలేదు. ఫారంలో ‘చూడకపోవుటకు కారణం’ అని ఒక గడి ఉంది. అలుక, నిద్ర, ఫోను, ఆచారం. ఆమె ఆచారం దగ్గర టిక్కు పెట్టింది.

ముప్పయ్యొక్క ఏళ్ళ కిందట వరహాలమ్మ భర్త అవతలి ఒడ్డుకు వెళ్తూ లాంచీ ఎక్కాడు. ఆమె చీర కొంగు సర్దుకుని రేవు దాకా వచ్చి ఎదురుగా నిలబడి సాగనంపింది. సాయంత్రానికి లాంచీ తిరిగి వచ్చింది గానీ అతను రాలేదు. పదకొండో రోజున ఊళ్ళో పెద్దలు ఆమె ఇక ఎవరికీ ఎదురు రాకూడదని చెప్పారు. గవర్రాజు ఒప్పుకోలేదు. తన ఇంటికి తీసుకొచ్చి, రోజూ గడప దాటే ముందు కేకేసేవాడు. ఆమె వంటింటి తలుపు వెనక్కి తప్పుకునేది. తమ్ముడు పది కాలాలు బాగుండాలని అలా తప్పుకునేది.

పన్నెండున్నర దాటింది. వరహాలమ్మ కాలు కాలిన పిల్లిలా గేటు దాకా వెళ్ళి వచ్చింది, మళ్ళీ వెళ్ళి వచ్చింది.

“మామ్మగారూ, ఇలా రండి,” అని పిలిచి మళ్ళీ కంట్లోకి చూసింది నాగరత్నం. “అడుగున ఇంకోటుంది. పొద్దుటెండ, లాంచీ రేవు. మొహం ఎదురుగా ఉంది. నవ్వు రెండు పక్కలా సమానం. చెయ్యెత్తి ఊపుతున్నారు, ఏదో మాట్లాడుతున్నారు కూడా. నిండు తూకం తూగేలా ఉంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటిది చూడలేదండి.”

“అది మా ఆయన. ఆయనది మిగిలిందదొక్కటే.”

“ముద్ర పడుతుందండి.”

“అది మా తమ్ముడి మొహం కాదు కదమ్మా!”

“ఫారంలో మొహం ఎవరిదని గడి లేదండి. ‘బంధువు’ అని ఉంది. మీకు బంధువేగా?”

“టైము కూడా తప్పు కదా.”

“మీ తమ్ముడు ఎనిమిదీ పదికి బాగున్నాడన్నారు. అది నిజమేనా?”

“నిజమే.”

“మరింకేం? ముద్ర నిజమే చెబుతుంది.”

వరహాలమ్మ కొంతసేపు బోర్డు వైపు చూసింది. చివరి అంకెలు కంటికి ఆనడం లేదు.

“ఒక్కసారి చూసుకుని ఇస్తాను.”

“చూసుకోండి. ఒంటిగంటకు మూసేస్తామండి.”

ఆమె కళ్ళు మూసుకుంది. అతను ఆ రోజు ఏమన్నాడో ఇన్నేళ్ళుగా రోజూ గుర్తు చేసుకుంటూనే ఉంది. “ఎండెక్కుతోంది, ఇంటికెళ్ళు, వచ్చేస్తాగా,” అన్నాడు. ఆమె వెళ్ళలేదు, లాంచీ మలుపు తిరిగేదాకా నిలబడింది. ఇప్పుడు కూడా మలుపు తిరిగేదాకా నిలబడి, “తీసెయ్ తల్లీ,” అంది.

పన్నెండూ యాభై ఐదుకు ముద్ర పడింది. వరహాలమ్మ కన్ను తుడుచుకుని, తను ఇచ్చింది ఏమిటో అడగబోయి, ఏమడగాలో తెలియక ఊరుకుంది.

రెండు కాకముందే గడ్డ వచ్చేసింది. మినపగింజలో సగం ఉంది. మూడు నెలల తర్వాత ఆసుపత్రివాళ్ళు గవర్రాజును పిలిచి నడిపించి, మాట్లాడించి, ‘తన పని తాను చేసుకోగలడు’ అని రాసుకున్నారు. వాళ్ళ పుస్తకంలో అది మంచి ఫలితం. చెంచా పట్టుకోగలడు, సన్న బ్రష్షు పట్టుకోలేడు. ఇప్పుడు గీతలు వేరేవాళ్ళు గీస్తే అతను రంగు నింపుతున్నాడు. ఫైలులో ఆలస్యానికి కారణం అన్నచోట, ‘కుటుంబము సకాలములో చూపు తేలేకపోయినది’ అని ఉంది. వరహాలమ్మ అక్కడ వేలిముద్ర వేయలేదు, సంతకమే పెట్టింది.

ఈ కబురు పాకాక వీధిలో అందరూ చూపులు దాచుకోవడం మొదలెట్టారు. పొద్దున ఎవరు బయల్దేరినా ఇంట్లోవాళ్ళు వరసగా ఎదురుగా నిలబడతారు. నవ్వమంటారు, రెండు చేతులూ ఎత్తమంటారు, పేరు చెప్పించుకుంటారు, టైము చూసుకుంటారు. ఒకప్పుడు ఆమె కనబడితే రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ బయల్దేరినవాళ్ళే ఇప్పుడు వచ్చి, “మామ్మగారూ, ఒక్కసారి ఎదురు రండి, మీ కంట్లో చోటుందటగా,” అని బతిమాలుతున్నారు.

ఆమె వెళ్తుంది. అందరికంటే ముందు తమ్ముడికి ఎదురు వస్తుంది. “అ...క్కా, ఎదు...రు రా,” అని అతను అనడం పూర్తయ్యేలోపే వచ్చి నిలబడుతుంది. అతని నవ్వు ఇంకా కాస్త ఎడంపక్కకే ఉంటుంది. అతను వీధి మలుపు తిరిగాక లోపలికి వచ్చి గుమ్మం పైన దండ వేసిన ఫొటోను తుడుస్తుంది. ఎవరో పెద్దమనిషి. తమ్ముడి స్నేహితుడు కాబోలు, అడుగుదామని రోజూ అనుకుని మరిచిపోతుంది. అలవాటు కొద్దీ ఆ మొహాన్నీ ఒకసారి పరీక్షగా చూస్తుంది. మూతి వంకర లేదు, కళ్ళు రెండూ సమానంగానే ఉన్నాయి. మనిషి బాగానే ఉన్నాడు. టైము ఎనిమిదీ పన్నెండు.