మార్కండేయులు మూడోసారి చచ్చిన వైనం

పెద్ద అడవిలెండి అది. ఈ చివర ఏనుగు తుమ్మితే ఆ చివరివాళ్ళు "చిరంజీవ" అనేసరికి ఓ పూట గడిచిపోయేది. అంత అడవికీ నాటక సమాజం మాత్రం ఒక్కటే. పేరు శ్రీ వనదేవతా నాట్యమండలి. దాన్ని నడిపేది ఎలుగుబంటి గవర్రాజు. మనిషి చాలా మంచివాడు. మనిషి అన్నానా? అలవాటు చొప్పున వచ్చేసింది, ఏమీ అనుకోకండి.

ఆ సమాజంలో గొప్ప నటుడు కొండముచ్చు మార్కండేయులు. ఆయన వేసేది ఒకటే వేషం, వేటగాడు. అడవిలో విలన్ అంటే మరింకెవరుంటారు చెప్పండి? ఎండిన సొరకాయ బుర్ర టోపీ, వెదురుబొంగు తుపాకీ, మొక్కజొన్న పీచు మీసం. ఇవి పెట్టుకుని ఆయన స్టేజీ ఎక్కాడంటే ముందు వరసలోని కుందేళ్ళు లేచివెళ్ళి వెనక వరసలో కూచునేవి.

చివర్లో దుప్పి వచ్చి పొడుస్తుంది. మార్కండేయులు కూలిపోతూ, "ఓ తుపాకీ! ఓ నా తోడూ నీడా!" అని పద్యం ఎత్తుకుంటాడు. ఆ రాగం తీస్తుంటే అప్పటిదాకా ఆ వేటగాణ్ణి తిట్టిన జనమే ముక్కులు చీదుకునేవారు.

ఇంటి దగ్గర చూస్తే ఆయనేనా ఈయన అనిపిస్తుంది. ఏటి ఒడ్డున మేడిచెట్టు మీద కాపురం. లేత చిగుళ్ళు, మేడిపళ్ళు తిని బతుకుతాడు. బల్లి కనబడితే భార్య పేరిందేవిని కేకేసి తను పైకొమ్మకి పోతాడు.

కింద తొర్రలో ఉండే ఉడుత కామాక్షమ్మ ఒకసారి అడిగింది.

"అన్నయ్యా, తమరేం చేస్తుంటారు?"

"నాటకాలాడతానమ్మా."

"అది సరేలెండి. పనేం చేస్తుంటారని?"

"అదే పనమ్మా. పొద్దున్నే లేచి రిహార్సలు, సాయంత్రం ఆట."

"అబ్బే, ఆటలన్నీ అయ్యాక ఏం చేస్తారని అడుగుతున్నా."

మార్కండేయులు మేడిపండు ఒకటి ఇచ్చాడు. ఆవిడ పుచ్చుకుంది గానీ పిల్లల్ని మాత్రం లోపలికి తీసుకుపోయి తొర్రకి ఆకు అడ్డం పెట్టుకుంది. వేటగాడి చేతి పండు కదా మరి!

ఇలా ఉండగా అడవికి కొత్త రాజు వచ్చాడు. కుర్ర సింహం. పుట్టి బుద్ధెరిగాక నాటకమన్నది చూడలేదు. పట్టాభిషేకం సంబరాల్లో మొదటిసారి చూసి, ఆట అయీ అవగానే వణుక్కుంటూ సభ పిలిపించాడు.

"నా కళ్ళతో నేను చూశాను. దుప్పి పొడిచింది. వాడు చచ్చాడు. అప్పుడు జనమంతా కలిసి ఏదో మంత్రం చదివారు. వాడు లేచాడు!"

గవర్రాజు చేతులు జోడించాడు. "మంత్రం కాదు మహారాజా. వన్స్‌మోర్."

"అదే, ఆ మంత్రమే!"

"పద్యం బాగుంటే మళ్ళీ పాడమంటారండి. చచ్చినవాడైనా సరే, లేచి, పాడి, మళ్ళీ చావాలి. మా వృత్తిలో ఆచారం."

సింహం జూలు నిక్కబొడుచుకుంది. "చచ్చినవాళ్ళు లేచే వృత్తా? నేను ఇప్పటిదాకా తిన్నవాటికి ఎవడైనా వన్స్‌మోర్ కొడితే నా గతేం కాను?"

సభలో ఎవరూ నవ్వలేదు. రాజుగారు అడిగాక నవ్వెలా వస్తుంది?

ఆ సమయంలో ముందుకొచ్చాడు మంత్రి, నక్క పానకాలరావు. ఈయనకి ఎప్పటినుంచో స్టేజీ ఎక్కాలని దురద. ఒకప్పుడు గవర్రాజు దగ్గరికెళ్ళి పెద్ద వేషం ఏదైనా ఇమ్మని అడిగాడు. "ముందు కొన్నాళ్ళు తెర లాగు బాబూ, తర్వాత చూద్దాం" అన్నాడు గవర్రాజు. ఆ మాట పానకాలరావు గొంతులో ముల్లులా ఉండిపోయింది.

"మహారాజా, లోతుగా ఆలోచించాలి" అన్నాడు. "లోపల వేటగాడి బుద్ధి లేకపోతే బయటికి వేటగాడిలా ఎలా కనిపిస్తాడు? నేను నక్కని. నక్కలాగే కనిపిస్తున్నానా లేదా?"

"కనిపిస్తున్నావు" అన్నారందరూ. అందులో ఎవరికీ అనుమానం లేదు.

గాడిద పంతులుగారు లేచి గొంతు సవరించుకున్నారు. "స్టేజీ మీద కన్నీళ్ళు వస్తే ఉల్లిపాయ ఉందన్నమాట. మన అడవిలో ఉల్లి పండదు. అంటే మనుషుల ఊరినుంచి వచ్చింది. అంటే ఇతగాడికి అక్కడికి రాకపోకలున్నాయి."

"ఆహా, చదువంటే అదీ!" అంది సభ.

ఏనుగు అందుకుంది. "పక్కన తెరచాటునుంచి ఎవరో మాటలు అందిస్తారటగా?"

"గోరింకండి, ప్రాంప్టరు. మాట మరిచిపోతే అందిస్తుంది" అన్నాడు గవర్రాజు.

"కనపడకుండా మాట్లాడుతుందా? అయితే ముఠా ఉందన్నమాట!"

మార్కండేయులు వెళ్ళి రాజు పాదాల దగ్గర పడ్డాడు. "మహాప్రభో, అది నటన! నేను ఆకులు తినేవాణ్ణి. చీమకైనా అపకారం చేసి ఎరగను" అంటూ భోరుమన్నాడు.

"చూశారా, చూశారా! ఇదీ నటనే!" అన్నాడు పానకాలరావు.

సభంతా చప్పట్లు కొట్టింది. సింహం కూడా కొట్టాడు. మార్కండేయులు బెదిరిపోయి టక్కున ఏడుపు ఆపాడు.

"చూశారా, ఎలా ఆపేశాడో!"

మళ్ళీ చప్పట్లు.

ఇక తీర్పుకి అడ్డేముంది? వేటగాడి వేషం వేసినవాడు వేటగాడి మనిషే అని శాసనం చేశారు. ఆదివారం పొద్దున మార్కండేయుల్ని ఏరు దాటించి మనుషుల వైపు వదిలేయాలి. "మీవాళ్ళ దగ్గరికే పంపుతున్నాం, బాధెందుకూ?" అన్నాడు సింహం, ఎంతో దయగా.

ఆ ఏరు దాటితే ఉన్నది అసలు వేటగాళ్ళు. వాళ్ళ తుపాకులు వెదురుబొంగులు కావు.

"మరి శనివారం ఆటలో వేటగాడెవరండీ?" అన్నాడు గవర్రాజు నీరసంగా.

పానకాలరావు తోక విదిలించాడు. "నేను లేనూ? శాసనం నన్నేం చేస్తుంది, నేను ప్రభుత్వం తరఫున వేస్తున్నాను. ఏముందయ్యా అందులో, ఒక టోపీ, నాలుగు మాటలు! అవి నేను రోజూ సభలో చేస్తున్నవే."

"రిహార్సలు..."

"ఆడబోయేదాన్ని ముందే ఆడుకోవడం దేనికి? దండగ. ఆ గోరింకని కూడా పంపించెయ్. ఎవడి మాట వాడు సొంతంగా చెప్పాలి."

"మాటలు పోనీండి. దుప్పి పరిగెత్తుకొచ్చేటప్పుడు, డోలక్ మీద దెబ్బ పడగానే ఎడం భుజం దించాలండి. అప్పుడు కొమ్ము చంక కిందనుంచి పోతుంది. వాళ్ళిద్దరూ పొద్దున్నే అది చేసి చేసి..."

"గవర్రాజూ! నేను మంత్రిని. మీదికొచ్చేవాటినుంచి తప్పుకోవడం నాకు నువ్వు నేర్పుతావా?"

శనివారం సాయంత్రం ఎండ ఇంకా చెట్ల మీద ఉండగానే జనం చేరారు. ముందు వరసలో రాజుగారు. అన్నిటికన్నా వెనక, ఒళ్ళో మూట పెట్టుకుని మార్కండేయులు, పక్కన పేరిందేవి. మూటలో మేడిపళ్ళు, రెండు చిగురు కొమ్మలు. అంతే సంపాదన.

"ఎందుకొచ్చినట్టు మనం? మిమ్మల్ని తగలేసిన ఆటేగా ఇది" అంది పేరిందేవి.

"ఒక్కసారి ముందువైపునుంచి చూద్దామనే. నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు మార్కండేయులు.

తెర లేచింది. పానకాలరావు రావలసిన వైపు కాకుండా రెండోవైపునుంచి వచ్చాడు. టోపీ కళ్ళ మీదికి జారింది. దాన్ని పైకి తోసి, "సభకు నమస్కారం" అన్నాడు. అలవాటు మరి! ఆపైన ఏమనాలో గుర్తు రాలేదు. గోరింక ఉండే మూలకి చూశాడు. అక్కడ ఎవరున్నారు?

"నేను... వేటగాణ్ణి" అన్నాడు. కాసేపు ఆలోచించి, "అయినా మంచివాణ్ణి. ప్రజల మనిషిని" అని చేర్చాడు.

అతన్ని చూసి హడలిపోవలసిన లేడికూన ఆవలించింది. మీసం ఒకవైపు ఊడి వేలాడుతుంటే ముందు వరసలోంచి ఓ కుందేలు స్టేజీ ఎక్కి, అంటించి, దిగి వచ్చింది.

ఇంతలో దుప్పి దూసుకొచ్చింది. డోలక్ మీద దెబ్బ పడింది.

వెనక వరసలో మార్కండేయులు ఎడం భుజం దానంతటదే దిగింది. స్టేజీ మీద పానకాలరావు భుజం మాత్రం దిగలేదు, పారిపోబోయి వెనక్కి తిరిగాడంతే. కొమ్ము కాస్తా తిన్నగా వెళ్ళి మంత్రిగారి పిర్రలో దిగింది.

"అమ్మో! చచ్చాన్రోయ్! నాయనోయ్!"

జనం మొహాలు చిట్లించారు.

"ఏడుపు రావట్లేదు మంత్రిగారికి" అంది ఉడుత కామాక్షమ్మ. "మా మార్కండేయులన్నయ్య ఏడిస్తే కడుపు తరుక్కుపోతుంది."

"ఉల్లిపాయ మరిచిపోయి ఉంటాడు" అన్నారు పంతులుగారు.

"నిజంగా గుచ్చుకుందర్రా! రక్తం వస్తోంది!" అని పానకాలరావు గెంతుతూ గిరగిర తిరిగాడు.

"నమ్మేటట్టు లేదు" అన్నాడు సింహం విసుగ్గా. "పొడిస్తే ఇలాగేనా గెంతేది? నేను ఎంతమందిని చూడలేదు!"

పానకాలరావు పిర్ర పట్టుకుని తెర వెనక్కి పరిగెత్తాడు. స్టేజీ మధ్యలో ఎవరిని చంపాలో తెలీక దుప్పి నిలబడిపోయింది. జనం ఈలలు వేస్తున్నారు.

మార్కండేయులు లేచాడు. పేరిందేవి తోక పట్టుకు లాగింది.

"కూచోండి మీరు. ఇప్పుడు వెళ్తే పీక మీదికొస్తుంది."

"పీక మీదికి రానే వచ్చిందిగదే. రేపు పొద్దున ఎలాగూ పోతున్నాను. వేటగాణ్ణి చావకుండా మధ్యలో వదిలేసి ఎలా పోనూ?"

మూట ఆవిడ ఒళ్ళో పెట్టి నడిచాడు. టోపీ లేదు, మీసం లేదు, బొంగైనా లేదు. ఒట్టి కొండముచ్చు. స్టేజీ ఎక్కి ఒకసారి ఇటు తిరిగి చూశాడు. అంతే, ముందు వరస కుందేళ్ళు లేచి వెనక్కి పోయాయి.

డోలక్ మోగింది. దుప్పి వచ్చింది. భుజం దిగింది. వేటగాడు కూలాడు.

"ఓ తుపాకీ! ఓ నా తోడూ నీడా!"

చేతిలో తుపాకీ లేదు. అయినా అది జారి పడిపోవడం అందరికీ కనిపించింది. రాగం తీసి తీసి, తల వాల్చాడు. తర్వాత అడవి ఒక్కసారిగా అరిచింది.

"వన్స్‌మోర్!"

పడుకున్న మార్కండేయులు ఒక కన్ను తెరిచి రాజుగారి వైపు చూశాడు. లేచాడా, నేరం మళ్ళీ రుజువైనట్టే. లేవలేదా, ఆచారం మంటగలిసినట్టే. వెనక వరసలో పేరిందేవి వద్దు వద్దని తల ఊపుతోంది.

ఆయన లేచాడు. పాడాడు. మళ్ళీ చచ్చాడు, ఇందాకటికన్నా బాగా.

అప్పుడు ముందు వరసలోంచి పంజాతో కళ్ళు తుడుచుకుంటూ, చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయేలా గర్జించాడు సింహం.

"వన్స్‌మోర్!"

ఆదివారం పొద్దున మార్కండేయులు మూట భుజాన వేసుకుని సభకు వచ్చాడు. పిర్రకి ఆకు కట్టుతో, కూచోలేక నిలబడే వాదించాడు పానకాలరావు.

"మహారాజా, శాసనం శాసనమే. వేటగాడి వేషం వేసినవాడు వేటగాడి మనిషే. ఏరు దాటించాల్సిందే!"

గవర్రాజు మెల్లిగా అన్నాడు. "మంత్రిగారూ వేశారు కదండీ?"

"నేను వేశానా?" పానకాలరావు ఆకు కట్టు సర్దుకున్నాడు. "ప్రభుత్వం తరఫున... అసలు నేను చేసింది నటన అని ఈ సభలో ఎవరైనా అనగలరా?"

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "అనలేం, అనలేం" అని ముక్తకంఠంతో ఒప్పుకున్నారు. అలా మంత్రిగారు బయటపడ్డారు.

సింహం తీర్పు చెప్పాడు. "నిన్న నా ఎదుట వేటగాడు మూడుసార్లు చచ్చాడు. మూడోసారి నేనే అడిగి చంపించాను. చచ్చినవాణ్ణి ఏరు దాటించడం దేనికి? వాడి గొడవ అయిపోయింది. ఇక ఈ మిగిలినవాడెవడో కొండముచ్చు. వీడి మీద మనకేం ఫిర్యాదు లేదు, మేడిచెట్టు మీద ఉండనీండి."

పేరిందేవి అక్కడికక్కడే మూట విప్పి మేడిపళ్ళు పంచిపెట్టింది. కామాక్షమ్మ రెండు తీసుకుంది.

"మరి నా సంగతి?" అన్నాడు పానకాలరావు దీనంగా.

రాజుగారు ఆలోచించారు. "ఈ అడవిలో నాటకం కోసం నిజంగా రక్తం చిందించింది నువ్వొక్కడివే. నిన్ను నాట్యకళాపీఠానికి అధ్యక్షుణ్ణి చేస్తున్నాను."

చప్పట్లు మోగాయి.

సభ అయ్యాక సింహం గద్దె దిగొచ్చి మార్కండేయులు భుజం మీద పంజా వేశాడు.

"బాగా చేశావోయ్. నన్ను ఏడిపించావు. అది సరేగానీ, నువ్వు పనేం చేస్తుంటావు?"

మార్కండేయులు గవర్రాజు వైపు చూశాడు. గవర్రాజు ఆకాశం వైపు చూశాడు.

"తమ అడవిలో ఆకులు తింటుంటానండి" అన్నాడు మార్కండేయులు.

"మంచి పని. అది మాత్రం వదులుకోకు" అని వెన్ను తట్టి వెళ్ళిపోయారు రాజుగారు.

కాబట్టి ఇందులో మనం నేర్చుకోవలసిందేమిటయ్యా అంటే, నటన రానివాడు కళాపీఠానికి అధ్యక్షుడైనా అవుతాడు, వచ్చినవాడు మాత్రం ముందు ఏదైనా పని చూసుకోవాలి.