పాస్టరుగారి పది రోజుల అభ్యాసం

మా సంఘంలో కొత్తగా పెట్టబోయే దంపతుల తరగతి నాకే ఇస్తారని నేను గట్టిగా నమ్మాను. పెళ్లిళ్లు చేసేది నేనే, తేడాలొస్తే సర్దిచెప్పేదీ నేనే. నేను కాక ఇంకెవరున్నారు చెప్పండి. సంఘ పెద్దలు మాత్రం మొహమాటం లేకుండా ఒక షరతు పెట్టారు. పాస్టర్ల కోసం రాసిన దాంపత్య సలహాల పుస్తకం ఒకటి తెప్పించి నా చేతిలో పెట్టి, అందులోని అభ్యాసాలు పది రోజులు ఒక జంట చేత చేయించి చూపించమన్నారు.

జంట కోసం ఊరంతా తిరగడం ఎందుకు, ఇంట్లోనే ఒకటుంది కదా అనుకున్నాను. అందులో సగం నేనే. మిగతా సగానికి చెప్పదలచుకోలేదు. చెబితే నాకంటే ముందు తానే చదివేస్తుందని భయం. పుస్తకాన్ని ప్రసంగాల కాగితాల కింద, బల్ల సొరుగులో దాచాను.

మొదటి పాఠం: భార్య చెప్పింది అడ్డు రాకుండా విని, మన మాటల్లో తిరిగి చెప్పాలి. ఆ ఉదయమే వంటింటి కుళాయి కారుతోందని మా ఆవిడ అంది.

"కుళాయి కారుతోందని నీకు బాధగా ఉంది" అన్నాను, గొంతులో వీలైనంత తేనె పోసి.

"బాధ నాకు కాదు, కింద తడిసిపోతున్న పిండి సంచికి."

"పిండి సంచి తడుస్తోందని నువ్వంటున్నావు."

మా ఆవిడ దగ్గరికొచ్చి నా నుదురు పట్టి చూసింది. జ్వరం లేదని తేలాక ఇంకా కంగారు పడింది.

రెండో పాఠం రోజుకు మూడు మెచ్చుకోళ్లు. మూడో రోజుకే సరుకు అయిపోయి, గిన్నె మీద మూత పెట్టిన తీరును మెచ్చుకున్నాను. అయిదో రోజు మా ఆవిడ పెరట్లో బట్టలు ఆరేస్తూ, పాలు పొంగుతున్నాయేమో చూసి పొయ్యి కట్టేయమని కేకేసింది. పాల గురించి ఆందోళనగా ఉన్నావని నేను నిదానంగా తిరిగి చెబుతుండగానే, అవి పొయ్యి దాటి, గట్టు దాటి, నా పాదాల దాకా వచ్చేశాయి.

ఆరో రోజు మా ఆవిడ చేతిలో పని ఆపేసి నా ఎదుట నిలబడింది.

"నిజం చెప్పండి. మనకి వేరే ఊరికి బదిలీ అయిందా? నా మాట మీరు ఇంతసేపు ఎప్పుడూ వినలేదు."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడైనా చెప్పేయాల్సింది. బుద్ధి గడ్డి తిని, బదిలీ అయిందేమోనని నీకు భయంగా ఉంది అన్నాను. ఆ రోజంతా ఆవిడ నాతో మాట్లాడలేదు.

పదో రోజు పెద్దలు ఇంటికొచ్చారు. చర్చి తాళాలన్నీ నడుముకి కట్టుకుని తిరిగే తాళాల పెద్దాయన, ఆయన భార్య, ఇంకో ఇద్దరు. అభ్యాసం చేసిన జంట ఎవరని అడిగితే, మేమేనని ఛాతీ విరుచుకుని చెప్పాను. ఏం ఫలితం కనబడిందని తాళాల పెద్దాయన మా ఆవిడనే అడిగాడు.

మా ఆవిడ లోపలికెళ్లి పుస్తకం పట్టుకొచ్చింది. బదిలీ ఉత్తరం కోసం సొరుగు వెతికితే ఇది దొరికిందట. ప్రతి అభ్యాసం పక్కనా పెన్సిలుతో ఆవిడ రాసిన జవాబులు.

"మొదటి పాఠంలో ఈయన సగమే చదివారు అన్నయ్యగారూ. విన్నాక, విన్నదాని మీద ఏదైనా చెయ్యాలని అవతలి పేజీలో ఉంది. కుళాయి ఇంకా కారుతూనే ఉంది."

నేను గోడ వైపు చూశాను. ఇంతలో తాళాల పెద్దాయన భార్య గొంతు సవరించుకుని, మా ఆయనా అంతే అంది. మా ఆవిడ ఆవిడని రెండు ప్రశ్నలు అడిగింది, ఆయన్ని ఒకటి అడిగింది. వాళ్లు పన్నెండేళ్లుగా తేల్చుకోని సంగతి మా ముందుగదిలో పావుగంటలో తేలింది. ఆయన కళ్లు తుడుచుకుని, తరగతి అమ్మగారే తీసుకోవాలన్నాడు. మిగతావాళ్లు నన్ను అడగనైనా అడగకుండా తలలూపారు.

అబద్ధమెందుకు, మనసు చివుక్కుమంది. వాళ్లను గేటు దాకా సాగనంపి వంటింట్లోకి వచ్చాను.

"కోపమా?" అంది మా ఆవిడ.

"కొంచెం."

"నాకూ వచ్చింది, పుస్తకం దొరికిన రోజు. కానీ ఉత్తుత్తికే అయినా, పది రోజులు మీరు నా మాట విన్నారు. బాగుండింది." నా వైపు తిరిగి అడిగింది, "రేపటి సంగతేమిటి మరి?"

పదకొండో రోజు గురించి ఆ పుస్తకంలో ఏమీ రాసి లేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. మా ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది.