మొహమాటపడకండి, ఇంకో ట్యాంకర్ పోయించుకోండి!

కాలవ చివరి భూముల రైతును ఆదుకునే మొనగాడు ఈ కాలంలో ఒక్కడే ఉన్నాడు. వాడు అధికారి కాడు, నాయకుడు కాడు, వరుణదేవుడు అసలే కాడు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొని, దాన్ని బురదలో దింపడానికి ఆదివారం కోసం కాచుక్కూచునే పట్నం కుర్రాడు!

నవ్వకండి. పూర్తి స్పృహలో ఉండే ఈ మాట రాస్తున్నాను.

వాళ్లు డీజిల్ తగలేస్తారని మన పెద్దలు ఆడిపోసుకుంటారు. లక్షలు పోసి కొన్న బండిని బురదలో దింపడమేమిటి, మళ్లీ పైకి లాగడమేమిటి, లాగినందుకు చప్పట్లేమిటి అని మీరూ ఏదో ఒకరోజు అనే ఉంటారు. ఇకమీదట అనకండి, కళ్లు పోతాయి! ఆ పని విలువ తెలియాలంటే కోటేశ్వరిని అడగాలి.

కోటేశ్వరిది మార్టూరుకు పడమరగా, గ్రానైటు క్వారీలు దాటాక వచ్చే ఊరు. భర్త పోయిన దగ్గర్నుంచి వ్యవసాయమంతా ఆవిడ చేతిమీదే నడుస్తోంది. ఆవిడ చేను పక్కనుంచే కాలవ పోతుంది. పోతుంది అన్నది మర్యాదకు. కాలవ ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటుంది. నీళ్లే రావు. మొదట్లో ఉన్న ఊళ్లు తాగాక, మధ్యలో ఉన్న ఊళ్లు ఇంజన్లు పెట్టి తోడుకున్నాక, చివరి ఊరికి అందేది "వస్తున్నాయి" అనే కబురు ఒక్కటే. ఆ కబురు మాత్రం ఏ ఏడూ ఎండిపోలేదు.

డిసెంబరు నెల. కోటేశ్వరి మిరపతోట నిండా పూత, పిందె. వాన మొహం చూసి నెల దాటింది. పొద్దెక్కేసరికి ఆకులు వేలాడేస్తున్నాయి. ఈ వారంలో ఒక్క తడి పడితే కాయ నిలబడుతుంది. పడకపోతే పిందె మొత్తం రాలిపోతుంది, నారు పోసిన నాటి నుంచి పడ్డ చాకిరీ అంతా మట్టిపాలు. ఆవిడకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఇంతే.

కాలవ ఆఫీసుకు వెళ్లింది. అక్కడ ఎంతో గౌరవంగా కూర్చోబెట్టి, వచ్చే వారం వదులుతాం అన్నారు. ఏ వారానికి వచ్చే వారమో చెప్పలేదు. అంత పెద్ద మనుషుల్ని గుచ్చి గుచ్చి అడగడం మనకు మాత్రం బాగుంటుందా!

ఇక మిగిలింది ట్యాంకర్ల యలమంద. శుక్రవారం పొద్దున్నే ఫోన్ చేసింది.

"ఏరా యలమందా, నాలుగు ట్యాంకర్లు తోలరా. తోట చచ్చిపోతోంది."

"అయ్యే పని కాదక్కా! ఇయ్యాలా రేపూ పెళ్లింటికి తోలాలి. ఆదివారం మూడు బళ్లూ గుంటూరు పార్టీకి బుక్కయిపోయినయ్. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎన్ని ట్రిప్పులంటే అన్ని తోలాలంట."

"అంత పెద్ద తోట ఎక్కడుందిరా వాళ్లకి?"

"తోట కాదక్కా. బురద చేసుకుంటారంట."

పచ్చడి చేసుకుంటారు, పండగ చేసుకుంటారు. బురద చేసుకోవడమేమిటి?

జవాబు ఆ సాయంత్రమే గుంటూరు నుంచి వచ్చింది, కూతురు భవ్య గొంతులో.

"అమ్మా, ఎల్లుండి మీ అల్లుడు వస్తున్నాడే! ఫ్రెండ్స్‌తో ఆఫ్-రోడింగ్ అంట. మన ఖాళీ చేలో బళ్లు తిప్పుకుంటారు. బురద లేదని ట్యాంకర్లు కూడా తనే మాట్లాడుకున్నాడు. నువ్వు కంగారు పడకు."

గుంటూరు పార్టీ అంటే ఎవరో కాదు, సాక్షాత్తూ ఇంటి అల్లుడు ప్రేమ్‌చంద్!

ప్రేమ్‌చంద్‌కు గుంటూరులో ఏసీల షోరూము ఉంది. మంచివాడు. భవ్యను పువ్వుల్లో పెట్టి చూసుకుంటాడు. ఆర్నెల్ల కిందట కొన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండిని అంతకంటే జాగ్రత్తగా చూసుకుంటాడు. అందులో నాలుగు చక్రాలూ ఒకేసారి తిప్పే మీట ఒకటుంది. గుంటూరు ట్రాఫిక్‌లో దాన్ని వాడే భాగ్యం దొరక్క మనిషి చిక్కిపోతున్నాడు.

"ఏంటమ్మా, పలకవు?"

"ఏం లేదే. తోటకు తడి లేదు. ఆ యలమంద ట్యాంకర్లే..."

"అయితే ఆయన్నే అడుగు! రెండు ట్రిప్పులు తోటకి తోలమంటే తోలడా ఏంటి?"

"నోర్ముయ్యవే! అల్లుణ్ణి పట్టుకుని నోరు తెరిచి నీళ్లడుగుతానా? నువ్వు ఆయన చెవిన వేశావంటే నా మీద ఒట్టే!"

ఇక్కడ మన వైపు శాస్త్రం కొంచెం చెప్పాలి. అల్లుణ్ణి ఏమీ అడక్కూడదు. అల్లుడు అడిగింది కాదనకూడదు. మరి అత్తగారికి మిగిలిన హక్కేమిటి? పెట్టడం! ఎంతైనా పెట్టొచ్చు. వద్దన్నా పెట్టొచ్చు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి నెయ్యి పొయ్యొచ్చు. ఈ విద్యలో కోటేశ్వరిని మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఆవిడ భోజనం పెడితే తిన్నవాడు లేచి నిలబడటానికి ఇంకొకడు చెయ్యందించాలి.

శనివారం పొద్దువాలే వేళ ఆవిడ పార భుజాన వేసుకుని చేలోకి వెళ్లింది. మెరకన ఉన్నది పత్తి పీకేసిన ఖాళీ చేను. దాని కింద పల్లంలో మిరపతోట. రెంటికీ మధ్య ఒక గట్టు. ఆ గట్టుకు ఒకచోట గండి కొట్టి, కనపడకుండా పైన పత్తికట్టె పరిచింది. ఇంకేం చేయలేదు. చేతులు కడుక్కుని, ఇంటికొచ్చి మినప్పప్పు నానబోసింది. పొద్దున అల్లుడికి గారెలు వెయ్యాలి కదా!

ఆదివారం మూడు బళ్లు దిగాయి. ఒకటి ప్రేమ్‌చంద్‌ది. రెండోది టైల్స్ షాపు అయూబ్‌ది. మూడోది పళ్ల డాక్టరు శిల్పది. నీట మునిగినా బండి ఊపిరాడేందుకు పక్కనొక గొట్టం, దిగబడితే లాగేందుకు ముందొక ఇనుప తాడు, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వాకీటాకీలు! ముగ్గురూ పది గజాల దూరంలోనే ఉన్నారనుకోండి. ఊళ్లోకి వచ్చే గుంతల్లోనే అయూబ్ బండి బంపరు ఊడి వేలాడుతోంది. అది సాహసం కిందికి రాదు. దాన్ని రోడ్డంటారు.

మొదటి ట్యాంకర్ ఖాళీ అయింది. ప్రేమ్‌చంద్ ఆర్నెల్లుగా కలలుగన్న మీట లాగి, చేలోకి ఉరికాడు. బురద ఎగిసింది, కేకలు లేచాయి. శిల్ప డ్రోను ఎగరేసింది. అయూబ్ బండి ఇరుసుల దాకా దిగబడితే ముగ్గురూ కౌగలించుకున్నారు. మనిషి అంత ఆనందంగా దిగబడటం ఆ ఊళ్లో ఎవరూ చూసి ఎరగరు.

కాసేపటికి అయూబ్ నేల వంక అనుమానంగా చూశాడు. "ఒరేయ్ ప్రేమ్, ఇప్పుడే గదరా పోసింది. నీళ్లేవిరా?"

"నల్లరేగడి బాబూ," అంది కోటేశ్వరి గట్టు మీంచి, కొంగు సర్దుకుంటూ. "నెల రోజుల దాహం మీదుంది. ఇంకో ట్యాంకర్ పోయించుకోండి. మొహమాటపడకండి!"

పోయించుకున్నారు. ఆ తర్వాత ఇంకొకటి. ఇంటికొచ్చిన అల్లుడు బురద తక్కువై వెళ్లాడంటే ఊళ్లో తల ఎత్తుకోగలమా!

మూడో ట్రిప్పుకు అసలు సంగతి యలమంద కళ్లబడింది. పత్తికట్టె కింద నుంచి నీళ్లు చల్లగా తోటలోకి జారుతున్నాయి.

"అక్కా, నీళ్లు..."

"చుట్టాలొచ్చినప్పుడు లెక్కలు చూస్తార్రా? పొయ్యి!"

యలమంద గండిని చూశాడు, తోటను చూశాడు, అక్కను చూశాడు. అతనికీ అదే కాలవ చివర పొలముంది. ఆ తర్వాత ప్రతి ట్రిప్పుకూ ట్యాంకర్‌ను గండికి దగ్గరగా తెచ్చి ఆపాడు. అక్కడైతే బురద బాగా వస్తుందని పార్టీకి నచ్చజెప్పాడు కూడా.

మధ్యాహ్నం చెట్టు కింద గారెలు, కోడి పులుసు, గోంగూర. ముగ్గురూ మెడ దాకా తిని వెనక్కి వాలారు. ప్రేమ్‌చంద్ నడుము మీద చెయ్యి వేసుకుని, "ఇక చాలత్తయ్య గారూ, ట్యాంకర్లు పంపించేద్దాం," అన్నాడు.

కోటేశ్వరి పల్లం వైపు చూసింది. తోట కింది సగానికి ఇంకా చుక్క అందలేదు. ఆ సగంలోనే కాపు ఎక్కువ. నోరు తెరిచి ఒక్క మాట చెబితే పనైపోతుంది. కానీ ఆ మాట ఆవిడ చెప్పదు, ప్రాణం పోయినా చెప్పదు. పెట్టడం తప్ప ఆవిడకు వేరే దారి లేదు.

"అప్పుడే చాలంటే ఎట్టా బాబూ? శిల్పమ్మ గారి బండి చూడండి, ఒక్క మరక లేదు. మా ఇంటికొచ్చి ఆవిడ ఉత్త బండితో పోతే మాకెంత చిన్నతనం!"

శిల్ప చటుక్కున లేచి తన బండి చుట్టూ తిరిగింది. నిజమే, కిటికీలు ఇంకా మెరుస్తున్నాయి. "ఇంకొకటి చెప్పు ప్రేమ్!" అంది. ఒకటి వచ్చింది, పోయింది. మళ్లీ చాలన్నారు.

"అయూబ్ బాబు ఒక్కసారే దిగబడ్డారు. అల్లుడు గారు రెండు సార్లు. వచ్చిన మనిషికి తక్కువ చేస్తే బాగుంటుందా?"

అయూబ్‌కు రోషమొచ్చింది. ఇంకొకటి వచ్చింది. అయినా కింది మూల పొడిగానే ఉంది. ఇక ఎవరికి ఏం తక్కువైందని చెప్పాలో కోటేశ్వరికి తోచలేదు. మెల్లగా తోటలోకి దిగిపోయింది.

అదే సమయానికి ప్రేమ్‌చంద్ వీడియో పెడదామని ఫోను పైకెత్తి, సిగ్నల్ వెతుక్కుంటూ గట్టు వెంట నడిచాడు. ఒకచోట కాలు సర్రున జారింది. కింద చూస్తే పత్తికట్టె. పక్కకు జరిపితే గండి! కళ్లు నీళ్ల వెంట తోటలోకి పోయాయి. పొద్దున వేలాడిన ఆకులు తలలెత్తి ఉన్నాయి. దూరంగా కోటేశ్వరి ఒక మొక్క మొదట్లో వేళ్లు గుచ్చి, తడి ఎంత లోతుకు దిగిందో చూస్తోంది. ఆ మొహంలో ఉన్న సంతోషం తన పెళ్లినాడు కూడా ప్రేమ్‌చంద్ చూడలేదు. తర్వాత ఆవిడ కింది మూలకు నడిచింది. అక్కడి మట్టిని పిడికిట్లోకి తీసుకుంది. అది పొడిపొడిగా రాలిపోయింది.

పొద్దున బయల్దేరేటప్పుడు భవ్య, "నీళ్లు బాగా పోయించుకోండి, నా కోసం," అని ఎందుకందో ఇప్పుడు వెలిగింది. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

వెళ్లి క్షమించమని అడగొచ్చు. అడిగితే ఆవిడ తలెత్తుకోలేదు. అందుకని వచ్చిన దారినే వెనక్కి వచ్చి గొంతు చించుకున్నాడు.

"ఒరేయ్ అయూబూ, ఇదీ ఒక బురదేనంట్రా? మా అత్తగారి ఊరికొచ్చి ఇట్టా పొడిపొడిగా పోతామా? యలమందా! చీకటి పడేదాకా ట్రిప్పులు ఆపమాక!"

కోటేశ్వరి పరుగున వచ్చింది. "ఎందుకు బాబూ మీకింత శ్రమ..."

"మీరు మొహమాటపడకండి అత్తయ్య గారూ."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది. బురద పడిందంది. చీకటి పడేలోగా కింది మూల కూడా తడిసింది.

ఈలోగా అయూబ్, శిల్ప ఊరవతల ఒక చక్కరు కొట్టి ఊగిపోతూ వచ్చారు.

"ఆంటీ! మీ చేను పక్కనే అద్భుతమైన ట్రాక్ ఉందండీ!" అన్నాడు అయూబ్. "రెండు వైపులా ఎత్తు గట్లు, అడుగున ఇసక, మంచి మలుపులు. ఎంత దూరం పోయినా ఒక్క అడ్డం లేదు. ఎవరు వేశారండీ దాన్ని?"

"దాన్ని కాలవంటారు బాబూ," అంది కోటేశ్వరి.

అయూబ్ వెనక్కి తిరిగి ఆ గట్ల వంక చూశాడు. శిల్ప మెల్లగా, "మరి నీళ్లు?" అని అడిగింది.

యలమంద గొట్టం చుట్టుకుంటూ తలెత్తాడు. "పొద్దున్నించి మీరు తొక్కింది ఆ నీళ్లేనండీ. కాలవ మొదట్లో పట్టుకొచ్చా."

చూశారా ఎంత చక్కని సర్దుబాటో! కాలవలో రావలసిన నీళ్లు రోడ్డెక్కి వస్తున్నాయి, రోడ్డు మీద పోవలసిన బళ్లు కాలవలో పోతున్నాయి. దీన్ని చెడగొట్టాలని ఎవరికైనా ఎందుకుంటుంది?

కోటేశ్వరి తోట నిలబడింది. ఆ వారమే పక్క చేను పానకాలు ఆవిడ అరుగు ఎక్కాడు. "కోటేశ్వరమ్మా, మీ అల్లుడు గారు మా చేలో కూడా ఒకసారి దిగబడతారేమో కనుక్కోరాదూ? గుంతలు నేనే తవ్విస్తా."

కాబట్టి కాలవ చివరి రైతులారా, అర్జీలు మానండి, ధర్నాలు కట్టిపెట్టండి. సంబంధం చూసేటప్పుడు పిల్లవాడి ఉద్యోగం, ఆస్తి అడక్కండి. బండికి నాలుగు చక్రాలూ తిరుగుతాయా లేదా, అదొక్కటి అడగండి!

పానకాలుకు ఇద్దరూ మగపిల్లలే. అల్లుళ్లు లేని ఇలాంటివాళ్ల కోసం కూడా ప్రభుత్వం ఏదో ఒక ఏర్పాటు చేసి ఉండాలి కదా అని మీరు అడగొచ్చు.

చేసింది. ఎప్పుడో తవ్వించింది. ట్రాక్ చాలా బాగుందట.