లిఫ్టు బటన్‌కు వేడి వైద్యం

నేపుల్స్‌లో కొండవాలు మీదున్న ఆ అయిదంతస్తుల పాత మేడ గుమ్మానికి, ప్రభుత్వం అందరినీ ఇళ్లలోనే ఉండమన్న ఆ వసంతకాలంలో, ఒక ఉదయం ఈ ప్రకటన అంటించి ఉంది:

"ఇందుమూలముగా నివాసులందరికీ తెలియజేయడమేమనగా, కింది అంతస్తులోని లిఫ్టు బటన్‌ను వైరస్ ఆక్రమించినట్లు అనుమానించడమైనది. తదుపరి ఉత్తర్వుల వరకు సదరు బటన్‌ను ఎవరూ తాకరాదు. దాని సమక్షంలో తుమ్మరాదు."

సంతకం చేసినవాడు ఎర్మినియో, నివాసుల సంఘం అధ్యక్షుడు. ముప్పై ఏళ్లు రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు. ఆయన లెక్కలో వైరస్ కూడా టికెట్ లేకుండా ఎక్కిన ప్రయాణికుడే. కాలర్ పట్టుకుని దించేస్తే సరిపోతుంది. అయితే ఎక్కడ పట్టుకోవాలన్నదే సమస్య. గాలిలో తిరిగేదాన్ని పట్టుకోవడం కష్టం కనుక, కదలకుండా ఒకచోట ఉన్న బటన్‌ను ఆయన ఎంచుకున్నాడు. పరిపాలనా అనుభవం అంటే అదే మరి.

శాస్త్రీయ సలహాకు కొరత లేదు. మూడో అంతస్తులో లుక్రేజియా ఉంది. బడిలో నలభై ఏళ్లు సైన్సు చెప్పి, వినే పిల్లలు లేక అల్లాడిపోతున్న మనిషి. మెట్ల మీద నిలబడి ఆవిడ ఉపన్యాసం మొదలుపెట్టింది.

"వైరస్ అనేది బతికున్నదీ కాదు, చచ్చినదీ కాదు. మన ఒంట్లో దూరితేనే దానికి బతుకు. బయటపడితే ఎండిపోవడం మొదలవుతుంది. కాకపోతే ఎంతసేపు నిలుస్తుందన్నది అది పడ్డ చోటును బట్టి. ప్లాస్టిక్ మీదైతే మూడు రోజుల దాకా ఉండొచ్చు. రాగి మీదైతే నాలుగు గంటలు దాటడం కష్టం. ఇక వేడి తగిలిందా, దాని పై పొర చెదిరిపోతుంది. డెబ్బై డిగ్రీల వేడిలో అయిదు నిమిషాలు చాలు."

ఆవిడ చెప్పింది తప్పేమీ కాదు. విన్నవాళ్లకు మాత్రం ఒక్క ముక్కే అర్థమైంది: మన బటన్ ప్లాస్టిక్‌ది! వెంటనే ఆ బటన్‌కు మూడు రోజుల ఏకాంతవాసం విధించారు. మూడో రోజు సాయంత్రం లిఫ్టు పనిచేస్తోందో లేదో చూద్దామని ఎర్మినియో ఒకసారి నొక్కాడు. దాంతో లెక్క మళ్లీ మొదటికొచ్చింది. నిజాయితీపరుడు కనుక తన మీద తానే ఫిర్యాదు రాసుకుని, తానే హెచ్చరిక జారీ చేసుకున్నాడు.

ఇదంతా బాగానే ఉందిగాని, అయిదో అంతస్తులో కార్మోజీనా అనే ముసలావిడ ఉంది. ఎనభై దాటాయి. మోకాళ్లు ఆవిడ మాట వినడం మానేసి చాలా కాలమైంది. లిఫ్టు లేకపోతే ఆవిడకు వీధి లేదు, కూరగాయల కొట్టు లేదు, ఎండలో కుర్చీ లేదు. బాల్కనీలోంచి వంగి కేకేసింది.

"ఒరేయ్ ఎర్మినియో! నేను దిగితే మళ్లీ ఎక్కేదెట్లారా?"

"కొంచెం ఓపిక పట్టండి దొన్నా కార్మోజీనా! బటన్ విశ్రాంతిలో ఉంది," అన్నాడు ఎర్మినియో, ఆ ఊళ్లో పెద్దావిడలకిచ్చే "దొన్నా" మర్యాద తప్పకుండా.

"బటన్‌కు విశ్రాంతి, నాకు జైలా? నువ్వు చెడ్డీ తొడుక్కోవడం రాక నా దగ్గరికి పరిగెత్తుకొచ్చిన రోజులు మర్చిపోయావా?"

వీధిలో పోయేవాళ్లు నవ్వారు. అధ్యక్షుల వారు చెడ్డీ ప్రస్తావనను రికార్డుల నుంచి తొలగించారు. ముసలావిడ మాత్రం తాడుకు బుట్ట కట్టి వీధిలోకి దించింది. కొట్టువాడు అందులో రొట్టె, టమాటాలు, చికెన్ వేసి పంపాడు. ఆ రోజు నుంచి ఆవిడ సంసారమంతా తాడు మీదే.

ఈ లోపు ఎర్మినియోకు లుక్రేజియా చెప్పిన రెండో ముక్క గుర్తొచ్చింది: వేడి! భార్య తితీనా జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌ను సంఘం అవసరాల నిమిత్తం స్వాధీనం చేసుకున్నాడు. తితీనా అభ్యంతరం చెప్పింది. అభ్యంతరం నమోదైంది.

ప్రారంభోత్సవానికి మేడలో సగం మంది హాజరయ్యారు. ఎర్మినియో గొంతు సవరించుకున్నాడు.

"మిత్రులారా! పెద్ద పెద్ద దేశాలు చేతులెత్తేసిన చోట మన మేడ చేయెత్తి నిలబడింది. రేపు ప్రపంచం మనల్ని అడుగుతుంది, మీరేం చేశారని. అప్పుడు మనం తలెత్తుకుని చెబుదాం, మా వంతు వేడి మేం పెట్టామని!"

చప్పట్లు మోగాయి. డ్రయ్యర్ కూడా మోగింది. అయిదు నిమిషాలు చాలన్నారు కాబట్టి, ఎందుకైనా మంచిదని అరగంట పెట్టాడు. మొదట బటన్ మెరిసింది. తర్వాత చెమటపట్టినట్టయింది. ఆ తర్వాత పిజ్జా మీది జున్నులా సాగి, గోడ మీదుగా నింపాదిగా కిందికి జారింది. లోపల ఏదో టప్పుమంది. సంఘం ప్రకటన ప్రకారం వైరస్ పూర్తిగా నిర్మూలమైంది. దానితోపాటు బటన్, తీగ, లిఫ్టు కూడా.

కొత్త బటన్ ఏ లోహంతో చేయించాలో తేల్చడానికి అత్యవసర సమావేశం పెట్టారు. గుంపులు కూడకూడదని ప్రభుత్వ నిషేధం ఉంది. కానీ ఒకే మేడలో ఉండేవాళ్లంతా చట్టరీత్యా ఒకే కుటుంబమని ఎర్మినియో వ్యాఖ్యానించాడు. ఆ కుటుంబంలో సగం మందికి మిగతా సగంతో కోర్టు కేసులున్నాయి, అది వేరే సంగతి.

ఒకప్పుడు కాపలాదారు ఉన్న చిన్న గదిలో ఇరవై మంది కూర్చున్నారు. అంతలో ఎర్మినియో కూతురు సిల్వానా వీడియో ఫోన్ చేసింది. ఆసుపత్రిలో డాక్టరు, ఇంటి మొహం చూసి వారాలైంది.

"నాన్నా, బటన్ సంగతి వదిలెయ్. సబ్బుతో చేతులు కడుక్కుంటే అదే పోతుంది. అసలు మీరంతా ఒకే గదిలో ఎందుకు కూర్చున్నారు? కనీసం కిటికీలన్నా తెరవండి!"

"కిటికీలా? మీ అమ్మ మెడకు చల్లగాలి తగిలితే? నువ్వు డాక్టరువా, శత్రువువా?"

గదిలో అందరూ తలలూపారు. చల్లగాలి మెడకు తగిలితే ఏమవుతుందో ఆ ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. కిటికీలతోపాటు తలుపు కూడా బిగించారు. చర్చ మూడు గంటలు సాగింది. వింటున్నప్పుడు అందరూ క్రమశిక్షణగా మాస్కు పెట్టుకున్నారు. మాట స్పష్టంగా వినబడాలి కనుక, అరిచేటప్పుడు మాత్రం తీసేశారు. చివరికి ఇత్తడి నెగ్గింది, అందులో రాగి ఉంటుంది కాబట్టి. ఆ ఆనందంలో ఒకరి బుగ్గలు ఒకరు ముద్దుపెట్టుకుని ఇళ్లకు వెళ్లారు.

వారం తిరక్కుండా మేడ మొత్తం దగ్గింది. ఒక అంతస్తు ఆపితే ఇంకో అంతస్తు అందుకుంది. లుక్రేజియాకు వాసన తెలియడం మానేసింది. తితీనా మంచం దిగలేదు. ఎర్మినియో ఒక సాయంత్రం ఊపిరి అందక, గోడకు చేరగిలబడి, మొదటిసారి నిజంగా భయపడ్డాడు. ఫోన్‌లో కూతురు ఏడుపు ఆపుకుంటున్న చప్పుడు వినబడి ఇంకా భయపడ్డాడు.

మేడలో దగ్గనిది ఒక్కరే, కార్మోజీనా. లిఫ్టు పాడై, సమావేశానికి రాలేకపోయింది పాపం.

మర్నాడు మధ్యాహ్నం నాలుగో అంతస్తులో ఎర్మినియో బాల్కనీ ముందుకు ఒక బుట్ట దిగి ఆగింది. అందులో మూతపెట్టిన గిన్నె, గిన్నెలో వేడివేడి చికెన్ రసం.

"ఒరేయ్, ఉన్నావా పోయావా?" పైనుంచి కేక.

"ఉన్నాను దొన్నా..."

"అయితే తాగు. గిన్నె వెనక్కి పంపు, కింద లుక్రేజియా ఎదురుచూస్తోంది. నెమ్మదిగా తాగరా, గొంతు కాల్చుకునేవు!"

తాగుతూ ఎర్మినియో ఏడ్చాడు. ఎవరూ చూడలేదు కనుక అది రికార్డుకెక్కలేదు. అందరూ లేచి తిరిగేదాకా రోజూ ఆ బుట్ట అంతస్తు తర్వాత అంతస్తు దిగుతూనే ఉంది. ఎవరూ పోలేదు.

అందరూ కోలుకున్నాక, జబ్బు మేడలోకి ఎలా వచ్చిందో తేల్చడానికి విచారణ సమావేశం పెట్టారు. అదే గదిలో. లుక్రేజియా తర్కబద్ధంగా వాదించింది. "జబ్బుపడిన వాళ్లందరి చేతుల్లోకీ వచ్చిన వస్తువు ఏది? బుట్ట. జబ్బుపడనిది ఎవరు? బుట్ట గలావిడ."

"మరి బుట్ట మన దగ్గరికి వచ్చింది మనం దగ్గడం మొదలుపెట్టాక కదా?" అని తితీనా గొణిగింది.

"ముందా వెనకా అన్నది చిన్న వివరమమ్మా. మనం మూలసూత్రం మాట్లాడుతున్నాం."

బుట్టను నిషేధించాలన్నవాళ్లు చేతులెత్తారు. ఎర్మినియో నాలుక మీద ఆ రసం రుచి ఇంకా ఉంది. ఆయన చెయ్యి ఒళ్లో కాసేపు అలాగే పడి ఉంది. తర్వాత అందరూ తన వైపే చూస్తున్నారని ఆయన గమనించాక, అది కూడా లేచింది.

ఉత్తర్వు అందించడానికి ఆయనే పైకి వెళ్లాడు. కార్మోజీనా కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది.

"సరే. మరి మీకు మళ్లీ జబ్బుచేస్తే?"

"రెండో పేజీ చూడండి దొన్నా," అన్నాడు ఎర్మినియో, ఆవిడ మొహంలోకి చూడకుండా. "మేం జబ్బుపడిన రోజుల్లో నిషేధం వర్తించదు."

ఆ సమావేశంలో చర్చ లేకుండా, ఓటింగు లేకుండా, అందరూ ఒక్క మాటగా ఒప్పుకున్నది ఆ ఒక్క వాక్యాన్నే.