మూలం ఆయనది, శంక నా మీద

జబ్బు చేసినవాళ్లని నలుగురూ వచ్చి పరామర్శించడం మర్యాద. జబ్బే లేనిదాన్ని పట్టుకుని పన్నెండు వాటాలవాళ్లు పరామర్శిస్తే దాన్నేమంటారో మీరే చెప్పండి. అదీ ఎలాంటి జబ్బు? ఎక్కడ నొప్పి అని అడిగితే వేలు పెట్టి చూపించలేని జబ్బు.

ఆ మంగళవారం పొద్దున నేను స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాను. కింది వాటా రేడియో వదిన లోపలికి వచ్చింది. ఆవిడకి వేరే పేరుంది గానీ, ఆవిడ చెవిన పడ్డ మాట పది నిమిషాల్లో మేడ మీది నీళ్ల ట్యాంకు దాకా ప్రసారమైపోతుంది కాబట్టి అందరికీ రేడియో వదినే. ఆవిడ చంకలో ఒక రబ్బరు దిండుంది, మధ్యలో పెద్ద చిల్లుతో.

"అయ్యో అయ్యో, దిగు వదినా! ఈ స్థితిలో స్టూళ్లెక్కడమేంటి?"

నలభై తొమ్మిదేళ్ల వయసులో నాకే స్థితి?

"ఏ స్థితి వదినా?"

"నా దగ్గర కూడా దాపరికమా? ఆడదాని బాధ ఆడదానికి తెలీదా? ఇదిగో, ఇది వేసుకుని కూర్చో. మా అత్తగారు ఆర్నెల్లు దీని మీదే ఉన్నారు. సబ్బుతో కడిగే తెచ్చాన్లే."

"నాకెందుకిది?"

ఆవిడ గొంతు తగ్గించింది. ఈ రేడియోకి గొంతు తగ్గించే మీట ఉందని నాకు ఆరోజే తెలిసింది.

"నిన్న లిఫ్టులో అన్నయ్యగారు ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. 'మా ఆవిడకి మొలలండీ, చాలా బాధపడుతోంది, లేజర్ చేయించాలి' అంటున్నారు. పాపం, చెబుతుంటే ఆయన గొంతు వణికిపోయింది వదినా. ఎంత ప్రేమ!"

మొలలు. నాకు. నాకే తెలియకుండా.

ఆవిడ వెళ్లాక ఆ దిండు పట్టుకుని ఆలోచించాను. నాకు లేవన్న సంగతి నాకు తెలుసు. మరి ఆయన గొంతు ఎందుకు వణికింది? అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి.

మావారు నీటి సరఫరా ఆఫీసులో సెక్షన్ హెడ్డు. ఇరవై ఏళ్లుగా ఒకే కుర్చీలో కూర్చుని, లేవమన్నా లేవని మనిషి. అలాంటిది రెండు నెలలుగా నిలబడి భోంచేస్తున్నారు. అడిగితే "నిలబడి తింటే తొందరగా అరుగుతుందిట" అన్నారు. పేపరు కూడా కిటికీ దగ్గర నిలబడే చదువుతున్నారు. ఒకరోజు ఫోన్లో ఎవరితోనో "ఫైల్స్‌తో చచ్చిపోతున్నానండీ. ఏడాదిగా పేరుకుపోయాయి. మధ్యమధ్య రక్తం కూడా..." అంటుంటే నా చెవిన పడింది. పైల్స్‌ని నేను ఫైల్స్ అనుకున్నాను. మాటల మధ్యలో లేజర్ అన్నది కూడా లెడ్జర్ అనుకున్నాను. ఉద్యోగం కోసం రక్తం ధారపోస్తున్నారే అని జాలిపడి, ఆ సాయంత్రం కూర్చుని కాళ్లు కూడా పట్టాను. నొప్పి ఎక్కడో, నేను నొక్కింది ఎక్కడో!

అంతెందుకు, పోయిన నెల మా బిల్డింగు సంఘం మీటింగులో "ఈసారి సెక్రటరీగా ఎవరు నిలబడతారు?" అని అడిగారు. అందరూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. గోడకానుకుని నిలబడ్డ మనిషి ఈయనొక్కరే. ఇంకేముంది, చప్పట్లు మోగిపోయాయి. కూర్చోలేని మనిషి ఏకగ్రీవంగా సెక్రటరీ అయిపోయారు.

అక్కడితో ఆగినా నవ్వుకుని ఊరుకునేదాన్నేమో. మధ్యాహ్నం నాలుగో అంతస్తు హెడ్‌మిస్ట్రెస్‌గారి ఫోను వచ్చింది.

ఇక్కడ నా సంగతి కాస్త చెప్పాలి. మా ముందు గదిలో రెండు కుట్టుమిషన్లున్నాయి. నేను కుడతాను, నలుగురు అమ్మాయిలకి నేర్పుతాను. ఆవిడ స్కూల్లో నాటకం ఉంది. దానికి ముప్ఫై రెండు వేషాలకి బట్టలు కుట్టే పని నాకు ఇచ్చారు. పన్నెండు చిలకలు, పంతొమ్మిది చెట్లు, ఒక ఏనుగు. గౌన్లూ కర్టెన్లూ కుట్టీ కుట్టీ విసిగిపోయిన నాకు ఏనుగు దొరకడమంటే మాటలా? తొండం ఎలా ఊగాలో మూడు రకాలుగా గీసి పెట్టుకున్నాను.

"మీకు ఒంట్లో బాలేదట కదమ్మా," అన్నారావిడ. "కూర్చుని చేసే పని. ఆరోగ్యం కన్నా నాటకం ఎక్కువా? శనివారం బట్ట వేరే టైలరుకి ఇచ్చేస్తాలెండి."

"నాకేం లేదండీ! నిక్షేపంలా ఉన్నాను!"

"అందరూ మొదట్లో అలాగే అంటారమ్మా," అని ఆవిడ జాలిగా ఫోను పెట్టేశారు.

చూశారా? ఈ జబ్బుకున్న గొప్పతనం అది. ఉందంటే ఉన్నట్టు. లేదంటే ఇంకా ఎక్కువ ఉన్నట్టు.

సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే అడిగాను.

"ఏవండీ, నాకు మొలలా?"

ఆయన ఒక చెప్పు విప్పారు. రెండోది విప్పలేదు. ఉండాలో పారిపోవాలో తేలని మనిషి అలాగే చేస్తాడు.

"ఎవరన్నారు?"

"రేడియో."

"అబ్బ! ఆవిడ అప్పుడు లిఫ్టులో ఉందా?"

"ఆవిడ లేని లిఫ్టు ఉందా ఈ బిల్డింగులో? అసలు నా పేరెందుకు చెప్పారు?"

"ఏం చెయ్యను? అవతల ఫోనెత్తింది ఆడపిల్ల. 'ప్రాబ్లమ్ ఎవరికి సార్?' అంది. నోటికి 'మా ఆవిడకి' అని వచ్చేసింది."

"'మా మేనేజరుకి' అని రాలేదేం?"

"ఆయనతో ఎందుకొచ్చిన గొడవ?"

"అంటే నాతో అయితే గొడవ ఉండదనా?"

ఆయన రెండో చెప్పు కూడా విప్పి, గోడకి చేరగిలబడ్డారు. "చూడు, నేనిప్పుడు సెక్రటరీని. నలుగురిలో పరువున్న పదవి. నీకేముంది? నువ్వు ఇంట్లోనే ఉంటావు."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

"ఇంట్లోనే ఉండి, కూర్చుని కుట్టే పని నాది! నేను కూర్చోలేనని ఊరంతా నమ్మితే నాకు బట్టలెవరిస్తారు? ఏనుగు పోతోందండీ నాది!"

"ఏనుగేంటి?"

"ఇప్పుడే వెళ్లి హెడ్‌మిస్ట్రెస్‌గారికి నిజం చెప్పిరండి."

"చెప్పుకుంటే మానం పోతుందే."

"చెప్పకుంటే ప్రాణం పోతుంది. సామెత సగంలో ఆపకండి."

అప్పుడు బయటపెట్టారు తన పథకం. శుక్రవారం ఆసుపత్రికి వెళ్లాలట. పొద్దున పరీక్ష చేసి, సరిపోతుందంటే అప్పుడే లేజర్ చేస్తారట. పెద్ద కోత లేదు, సాయంత్రానికి ఇల్లు. "నువ్వు పేషెంటులా నాతో రా. అక్కడ కౌంటర్లో చెవిలో చెప్పి పేరు మార్పించేస్తాను. ఇంటికొచ్చాక నువ్వు రెండ్రోజులు గదిలోంచి బయటికి రాకు. నిన్ను చూసుకోడానికి సెలవు పెట్టానని అందరికీ చెప్పి, నేనూ పక్కనే పడుకుంటాను."

అంటే జబ్బు నాది, మంచం ఆయనది.

ఆ తర్వాత రెండ్రోజులూ చూడాలి నా బాధ. లిఫ్టెక్కితే జనం జరిగి చోటిస్తారు. మెట్లెక్కితే "మెల్లిగా, మెల్లిగా" అంటారు. నా దగ్గర నేర్చుకునే అమ్మాయిలు నా కుర్చీ వంక చూసి కళ్లు దించుకుంటారు. ఇక ఆయనకైతే ఒకటే సన్మానాలు.

"భార్య కోసం సెలవు పెడుతున్నారట! మా ఆయనైతే నాకు తలనొప్పి అన్నా టీవీ గొంతు తగ్గించరు," అంది రెండో అంతస్తు నర్సమ్మ.

ఈయన తల వంచుకుని, "మన వాళ్లని మనం చూసుకోకపోతే ఎలాగండీ" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆ ముఖంలో వినయం చూస్తే మీకూ ఒళ్లు మండేది.

అప్పుడే నేనొక నిర్ణయానికి వచ్చాను. "సరేనండీ, వస్తాను. పేషెంటులాగే వస్తాను," అన్నాను. మనిషి పొంగిపోయారు.

పేషెంటు ఏమీ తినకుండా రావాలన్నారట. శుక్రవారం ఆయన తినలేదు. నేను మాత్రం ఆయన ఎదురుగా కూర్చుని కడుపు నిండా తినే బయలుదేరాను.

ఆసుపత్రి హాల్లో వరసగా స్టీలు కుర్చీలున్నాయి. సగం ఖాళీ. జనమంతా గోడల వెంట నిలబడి ఉన్నారు. ఎవరు పేషెంటో, ఎవరు తోడు వచ్చారో అడగక్కర్లేదు. మావారు కౌంటరు మీదికి వంగి, "అమ్మా, చిన్న మార్పు ఉంది..." అని గుసగుసగా మొదలుపెట్టారు.

"వదినా!"

వెనక్కి తిరిగి చూస్తే రేడియో వదిన. పక్కన పళ్ల సంచీతో హెడ్‌మిస్ట్రెస్‌గారు. ఆయన సెలవుతో పాటు ఆసుపత్రి పేరు కూడా ప్రసారమైపోయిందన్నమాట.

"...మంచినీళ్లెక్కడ దొరుకుతాయమ్మా?" అని ముగించారు మావారు.

వాళ్లిద్దరూ నన్ను చెరో పక్కా పట్టుకుని కూర్చోబెట్టబోయి, నాలిక కరుచుకుని, మళ్లీ నిలబెట్టారు. హెడ్‌మిస్ట్రెస్‌గారు "రేపు ఆ టైలరు వచ్చి బట్ట తీసుకెళ్తాడమ్మా, మీరు దిగులు పెట్టుకోకండి" అన్నారు. ఇంతలో తలుపు తెరుచుకుంది.

"పన్నెండో నంబరు! పేషెంటు లోపలికి రండి!"

మావారు నా వంక చూశారు. వెళ్లకు వెళ్లకు అని కళ్లతోనే బతిమాలారు.

"వెళ్లొస్తానండీ," అన్నాను. "మీరు ధైర్యంగా ఉండండి."

రేడియో వదిన కళ్లొత్తుకుంది.

లోపల డాక్టరు ఆడమనిషి. యాభై ఏళ్లుంటాయి. ఆవిడకి రెండు నిమిషాల్లో ఉన్నదంతా చెప్పేశాను. ఆవిడ నవ్వీ నవ్వీ, చివరికి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"'మా ఆవిడకి' అని రోజుకొకరైనా ఫోన్ చేస్తారమ్మా. చేసి ఊరుకుంటారు. ముదిరిపోయాక వస్తారు."

"లేజరంటే ఏం చేస్తారండీ?" అడిగాను. వచ్చినందుకు తెలుసుకుని పోవద్దూ?

"సన్నటి తీగలాంటిది లోపలికి పంపి, ఆ వేడితో ఉబ్బిన చోటు ముడుచుకునేలా చేస్తాం. మత్తు ఇస్తాం కాబట్టి అప్పుడు నొప్పి తెలీదు. అరగంట పని. అందరికీ ఇదే సరిపోదనుకోండి, ముందు చూడాలి. చూడ్డానికి మనిషి రావాలి కదా!" అని నర్సుని పిలిచారు. "బయట అడుగు. అసలు పేషెంటెవరో వాళ్లని రమ్మను."

నర్సు తలుపు సగం తీసి నిలబడింది. ఆ అమ్మాయి గొంతు ముందు మా రేడియో దిగదుడుపే.

"పన్నెండో నంబరు తాలూకు ఎవరండీ? ఈ మేడమ్‌కి ఏ జబ్బూ లేదట! అసలు పేషెంటు రావాలి! రాకపోతే పదమూడో నంబరుని పిలుస్తాం. మళ్లీ డేటు మూడు వారాల తర్వాతే!"

నర్సు మోచేతి సందులోంచి నాకు హాలంతా కనిపిస్తోంది. ఒక పక్క రేడియో, ఒక పక్క హెడ్‌మిస్ట్రెస్. మధ్యలో మావారు, అడకత్తెరలో పోకచెక్కలా. మెల్లిగా నర్సు దగ్గరికొచ్చారు.

"లోపలికొచ్చి మాట్లాడతానమ్మా."

"లోపలికి పేషెంటునే రానిస్తాం సార్. మీరు పేషెంటా?"

"నేను... భర్తని."

"భర్తలు బయటే ఉండాలి."

"అంటే... కొంచెం పేషెంటుని కూడా."

"కొంచెమేంటి సార్? పదమూడో నంబరూ!"

గోడ దగ్గరున్న పెద్దమనిషి ఒకాయన కదిలాడు. ఇంకో మూడు వారాల నిలబడే బతుకు కళ్ల ముందు కనిపించిందో ఏమో, మావారు రెండు చేతులూ చాపి ఆయనకి అడ్డంపడి కేకేశారు.

"ఆగండి! మొలలు నావి! మా ఆవిడకి ఒక్కటీ లేదు! అన్నీ నావే!"

గోడల వెంట నిలబడ్డవాళ్లంతా ఆయన వంక చూశారు, కాస్త గౌరవంగానే.

ఇరవై ఆరేళ్ల కాపురం మాది. పిల్లాడికి మార్కులొస్తే నా కొడుకు, తప్పితే నీ కొడుకు. కూర బాగుంటే నేను తెచ్చిన కూరగాయలు, మాడితే నీ వంట. అలాంటి మనిషి నలుగురిలో గొంతెత్తి "అన్నీ నావే" అని ఒప్పుకున్నది ఇదొక్కటే.

హెడ్‌మిస్ట్రెస్‌గారు నన్ను చూశారు, ఆయన్ని చూశారు. పళ్ల సంచీ ఆయన చేతిలో పెట్టారు.

"అయితే అమ్మా, మీరు కూర్చోగలరన్నమాట."

"పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా కూర్చోగలనండీ."

"ఆ టైలరుకి వద్దని చెప్పేస్తాను. సోమవారానికి ఏనుగు చూపిస్తారా?"

"తొండంతో సహా!"

రేడియో వదిన అప్పటికే ఫోను చెవికానించుకుంది. నేను బయటికి వస్తుంటే మావారు లోపలికి వెళుతున్నారు. గుమ్మంలో నా చెవి దగ్గర పళ్లు నూరారు. "తృప్తిగా ఉందా?"

"ఇంకా లేదండీ. ఫారంలో నా పేరు కొట్టేయించి, మీ పేరు రాయించండి."

ఆదివారం నాటికి ఆయన మంచం మీద పక్కకి తిరిగి పడుకుని కబుర్లు చెప్పే స్థితికొచ్చారు. "లేజరే మంచిదని నేను ముందే అన్లేదూ? అంతా నా ముందుచూపు," అంటున్నారు. నేను ముందు గదిలో బూడిదరంగు బట్ట కత్తిరిస్తున్నాను. పై అంతస్తు ఇన్సూరెన్సాయన వచ్చారు.

"కూర్చోండి అన్నయ్యగారూ," అని కుర్చీ జరిపాను.

"పర్లేదమ్మా, పర్లేదు," అంటూ నేరుగా మంచం దగ్గరికెళ్లి, మావారి చెవి దగ్గర వంగారు. రెండు గదుల ఇంట్లో గుసగుసలేం దాగుతాయి?

"సెక్రటరీగారూ, ఆ డాక్టరుగారి నంబరు కాస్త ఇస్తారా? మా ఆవిడకి..."

నా కత్తెర ఆగింది. మావారు తలుపులోంచి నా వంక చూసి, దుప్పటి మెడ దాకా లాక్కున్నారు.

"ఇస్తానండీ," అన్నారు నీరసంగా. "కాకపోతే ఆ ఫోను పేషెంటే చెయ్యాలి. మీ ఆవిడని ఒకసారి కిందికి పంపండి, మా ఆవిడ దగ్గరుండి మాట్లాడిస్తుంది."

ఇన్సూరెన్సాయన జేబులోంచి పెన్ను తీశారు.

"ఆవిణ్ని ఎందుకులెండి కదిలించడం," అన్నారు. "నేనే రాసుకుంటాను. చెప్పండి."