పసుపు టోపీల పరామర్శ

ఆ ఉదయం వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. మేనమామ పసుపు ఊలుటోపీ పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాలి; సాయంత్రం తిరిగొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాలి. చికిత్స ముగించుకుని మర్నాడు మళ్ళీ కాలేజీకి వెళ్ళవలసిన మేనకోడలు పెట్టిన షరతు అది. క్యాన్సర్ బారిన పడిన యువత కోసం ఒక సంస్థ ఆసుపత్రి గేటు దగ్గర బల్ల వేసి టోపీలు అమ్ముతుంటే, ఆయన రెండు కొన్నాడు: ఒకటి ఆమెకు, ఒకటి ఆమెకు తోడుగా తనకు.

"నవ్వితే నవ్వనీ మామయ్యా. జాలిపడ్డారో, నేను గడప దాటను. నా సంగతి మాత్రం ఎవరితోనూ అనకు."

"నా మొహం చూసి జాలిపడేదెవరే!" అన్నాడాయన, నడినెత్తిమీద కుచ్చు సవరించుకుంటూ.

పటాలు గీసే ఆఫీసు ఆయనది. కిటికీ తెరవాలా, మూయాలా అన్న విషయమై పక్క బల్లాయనతో ఏళ్ళనాటి వైరం. ఆనాడు పక్క బల్లాయన టోపీని చూసి వెక్కిరించబోయాడు. దానిమీది సంస్థ గుర్తు చూసి నోరు మూసుకున్నాడు. నెమ్మదిగా లేచి కిటికీ కూడా మూశాడు.

"ఇకనుంచి మీ ఇష్టం అన్నయ్యా."

శత్రువు లొంగినప్పుడే భయపడాలని ఆయనకు తోచలేదు.

"నెలల తరబడి ఆ ఒంటిపూట సెలవులు ఇందుకా సార్!" అంటూ టైపిస్టు కళ్ళు తుడుచుకుంది.

"నాకేం కాలేదమ్మా!"

"మరి ఎవరికి?"

మేనకోడలికిచ్చిన మాట అడ్డం పడింది. జాలికి సాక్ష్యం అక్కర్లేదు, మౌనం చాలు. దిక్కు తోచక ఆయన టోపీ తీసి చూపించాడు. ఏళ్ళుగా చూస్తున్న బట్టతలే. అయినా గదంతా నిట్టూర్చింది.

"అయ్యో, ఆ నాలుగు వెంట్రుకలూ కూడా..."

"అవి నేను ఉద్యోగంలో చేరేనాటికే లేవు!"

"చూశారా, ఇప్పుడు కూడా హాస్యమే. ఎంత గుండె నిబ్బరం!" అన్నాడు మేనేజరు, ఆయన చేతిలో పెన్సిలు లాక్కుని ఇంటికి పంపేస్తూ.

ఇంట్లో మేనకోడలు టోపీతో ఎదురుచూస్తోంది. "ఎవరైనా జాలిపడ్డారా?"

అబద్ధం నాలుక చివరికి వచ్చేలోగా ఎవరో తలుపు తట్టారు. ఆమే తీసింది. గుమ్మంలో ఆఫీసంతా నిలబడి ఉంది. తలతలకూ పసుపు టోపీ. మేనేజరుది చెవులమీదే ఆగిపోయింది.

"ఆసుపత్రి దగ్గర బల్ల ఖాళీ చేసి వచ్చాం," అంది టైపిస్టు. అమ్మాయి తలమీది టోపీ చూసి కరిగిపోయింది. "మామయ్య కోసం నువ్వూ పెట్టుకున్నావా తల్లీ!"

అమ్మాయి మేనమామ వైపు చూసింది. దొంగ దొరికినట్టుంది ఆయన వాలకం. ఆమె తన టోపీ తీసింది.

"మామయ్యే నాకోసం పెట్టుకున్నాడండీ."

ఇక జాలి ఆమె మీద పడుతుందని ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"అంటే ఈయన నిక్షేపంగా ఉన్నాడా?" పక్క బల్లాయన భగ్గుమన్నాడు. "కిటికీ వదులుకున్నానమ్మా, కిటికీ!"

అమ్మాయి ఫక్కున నవ్వింది. ఆ ఇల్లు చాలాకాలంగా వినని నవ్వు అది. నవ్వీ నవ్వీ గోడకు చేరగిలబడింది.

"వీళ్ళ జాలంతా నీమీదే ఖర్చయిపోయింది మామయ్యా. నాకేం మిగల్లేదు. రేపు వెళ్తాను."

మర్నాడు ఆమె కాలేజీకి వెళ్ళింది. ఆయన ఆఫీసుకు వెళ్ళి, ఆరోగ్యంగా ఉన్నందుకు సంజాయిషీ ఇచ్చుకుని, బార్లా తెరిచిన కిటికీ పక్కన కూర్చున్నాడు.