నలభై ఒక్క మంది త్యాగధనులు

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు సరిగ్గా తొంభై రోజుల ముందు, ఖతర్‌లోని బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంపు భోజనశాలలో, ప్లాస్టిక్ కుర్చీ మీద నిలబడి, మా గల్ఫ్ చైతన్య సమితి అధ్యక్షులు గజేందర్ అన్న ఒక చారిత్రక ప్రకటన చేశారు.

"మన మూడు ఊళ్ళల్ల ఒక్క ఆడామె గూడ ఎచ్‌ఐవీ టెస్టు లేకుండ ఉండద్దు. నెల రోజులల్ల నూటికి నూరు శాతం. ఇది నా సవాల్."

ఆ మూడు ఊళ్ళూ జగిత్యాల జిల్లాలో ఉన్నాయి. అన్న వాటి మొహం చూసి మూడేళ్ళయింది. అయినా ఇంత దూరం నుంచి ప్రజల కష్టం కనిపించడమే నాయకత్వం. రాబోయే ఎంపీటీసీ టిక్కెట్టు కూడా ఆయనకు ఇక్కడి నుంచే కనిపిస్తోంది.

నేను సమితి పత్రికా కార్యదర్శిని, పేరు చిరంజీవి. అర్హతలు రెండు: పాసైన పదో తరగతి, ఫోన్లో తెలుగు కీబోర్డు. పగలు స్టేడియం సైటులో పైపులు మోస్తాను. 'ఇల్లాలికి టెస్టు, ఇంటికి బెస్టు' అనే నినాదం నాదే. రాసిన రోజు నా ప్రతిభకు నాకే కళ్ళు చెమర్చాయి.

చప్పట్లు ఆగాక బుచ్చన్న లేచాడు. మా ఊరి మేస్త్రీ. రాజకీయ పరిజ్ఞానం తక్కువ.

"అన్నా, మరి మనకు?"

"మనకేంది? మెడికల్ ఫిట్ అయి వచ్చినోళ్ళం."

"నేనొచ్చి పదకొండేండ్లాయె."

"ఫిట్టంటే ఫిట్టే. దానికి ఎక్స్‌పైరీ ఉండది."

శుక్రవారం వీడియో కాల్‌లో సభ జరిగింది. అక్కడ మహిళా సంఘం భవనంలో ఆడవాళ్ళు, ముందు వరుసలో ఆశా వర్కర్ ఎల్లవ్వ. ఇక్కడ ఇస్త్రీ చొక్కాలో అన్న.

"ఈ రోగం గురించి ఎంతమంది ఇన్నరు?" అని అన్న అడిగారు. అందరూ చేతులెత్తారు.

"టెస్టు ఎంతమందికయింది?"

చేతులన్నీ దిగిపోయాయి. నా భార్య ప్రమీల మాత్రం మైకు అందుకుంది.

"కడుపుతోని ఉన్నప్పుడు రక్తం తీసిన్రు. ఎందుకంటే అన్నిటికీ అన్నరు. అండ్ల ఇది గూడ ఉండెనట. తొమ్మిదేండ్లకు ఎల్లవ్వ చెప్తే తెలిసింది."

అన్న చలించిపోయారు. గ్రామీణ మహిళల వెనుకబాటుతనం మీద ఇరవై నిమిషాలు మాట్లాడారు. ప్రమీల ఓపికగా అంతా వింది.

"సరే అన్నా. రేపటి సంది మేం పోతం. రిపోర్టులు మీకు పంపుతం. మీరు మీయి పంపున్రి."

సరిగ్గా అప్పుడే నెట్‌వర్క్ పోయింది. ఆ నెట్‌వర్క్ అన్న బొటనవేలి కింద ఉండటం నేను చూశాను.

పథకం ఘనవిజయం సాధించింది. కొంప ముంచింది కూడా అదే. ఆటోలు మాట్లాడుకుని, జట్లు జట్లుగా వెళ్ళి, పద్దెనిమిది రోజుల్లో ఆడవాళ్ళంతా సర్కారు దవాఖానలో టెస్టు చేయించుకున్నారు. ప్రమీల తన రిపోర్టు ఫొటో పంపింది. నెగెటివ్. కింద ఒకటే మాట: "నీది?"

ఆ వెంటనే మహిళా సంఘం తీర్మానం వచ్చింది. ఖతర్ నుంచి లీవు మీద వచ్చేవాళ్ళు రిపోర్టు తేవాలి, లేదంటే దిగిన రోజే ఎల్లవ్వ వెంట దవాఖానకు పోవాలి. అప్పటిదాకా పడక పంచాయతీ ఆఫీసులో.

ఇక్కడ నా గురించి ఒక మాట. పోయినేడు ఒక శుక్రవారం అన్నతో పాటు నేనూ ఒకచోటికి వెళ్ళాను. ఎక్కడికన్నది పత్రికాముఖంగా చెప్పదగింది కాదు. ఆ తర్వాత మూడుసార్లు జ్వరమొస్తే మూడుసార్లూ ప్రమీలను తలుచుకుని ఏడ్చాను. టెస్టు మాత్రం చేయించుకోలేదు. ఇక్కడ చేయించుకుంటే కంపెనీకి తెలిసి వీసా పోతుందని క్యాంపులో అందరి భయం. అక్కడ చేయించుకుంటే ప్రమీలకు తెలుస్తుంది. ఒకరోజు తెగించి క్లినిక్ దాకా వెళ్ళాను. ఏం కావాలని నర్సు అడిగింది. తలనొప్పి అన్నాను. రెండు మాత్రలిచ్చింది. పాపం, మంచి మనిషి.

సెప్టెంబరులో కంపెనీ మా నెత్తిన పిడుగు వేసింది. సైటు పని అయిపోయింది, కప్పు ముగిసేదాకా అందరికీ మూడు నెలల లీవు, టిక్కెట్టు కంపెనీదే. మూడేళ్ళుగా లీవు కోసం మొక్కని దేవుడు లేడు. నోటీసు చదివాక ఆ పూట మెస్సులో ఒక్కరూ అన్నం ముట్టలేదు.

క్యాంపు ఆఫీసు క్లర్కు కామేశ్వరరావుగారు, కాకినాడ మనిషి, విస్తుపోయారు.

"అదేంటండీ బాబూ, టిక్కెట్టు ఫ్రీగా ఇస్తామంటే వెళ్ళనంటారేంటి?"

"దేశసేవ సార్," అన్నారు అన్న.

"ఏ దేశానికండీ?"

"ఖతర్‌కు. అన్నం పెట్టిన దేశం. కప్పు టైమ్‌ల ఇడిసిపెట్టి పోతే మంచిగుండది."

"మీకు పని లేదండీ ఇక్కడ. బాత్రూములు కడిగేవాళ్ళు కావాలంటున్నారు, అంతే."

"అదే రాసుకోన్రి."

అలా మేస్త్రీలు, వెల్డర్లు, ఒక క్రేన్ ఆపరేటరు, మొత్తం నలభై ఒక్క మందిమి బాత్రూములు కడగడానికి సంతకాలు చేశాం. మూడో సంతకం నాది. దస్తూరి బాగానే వచ్చింది.

బుచ్చన్న ఒక్కడే చెయ్యలేదు. దోహాలో ఏదో క్లినిక్‌కు వెళ్ళి టెస్టు చేయించుకుని, కాగితం బనీను లోపల పెట్టుకొచ్చాడు.

"భయం కాలేదా?" అని అడిగాను.

"ఎందుకు గాలే? మూడు దినాలు బువ్వ పోలె. ఏదున్నా నాది నాకే ఉండాలె గని, ఆమెకు అంటియ్యద్దు గదరా."

అతని అభివృద్ధి నిరోధక వైఖరిని అన్న తీవ్రంగా ఖండించారు. ఆ గురువారమే బుచ్చన్న విమానం ఎక్కాడు.

మిగిలిన మా గురించి నేను పత్రికా ప్రకటన పంపాను. 'ప్రపంచ కప్పు సేవలో మన త్యాగధనులు' అని జిల్లా పేజీలో వచ్చింది. ఊళ్ళవారీగా నలభై ఒక్క పేర్లూ వెయ్యాలని విలేకరిని బతిమాలి వేయించింది నేనే. పేరు లేని త్యాగం ఎవరికి కావాలి? అన్న ఆ కటింగును లామినేట్ చేయించి భోజనశాల గోడకు పెట్టించారు.

మర్నాడు ప్రమీల ఫోన్ చేసింది.

"పేపర్ సూసినం."

"నా పేరు సూసినవా? మూడోది."

"సూసిన. సంఘంల ఖతరోళ్ళ పెండ్లాలం అందరం కూసున్నం. ఎల్లవ్వ ఒక్కొక్క పేరు చదివింది. ఎవరి మొగని పేరొస్తే వాళ్ళు లేచి బయటికి పోయిన్రు. ఆఖరికి బుచ్చన్న పెండ్లామొక్కతే మిగిలింది."

నేను గొంతు సవరించుకుని, ఖతర్‌కు ఈ సమయంలో మా అవసరం ఎంతుందో చెప్పబోయాను.

"అది గాదు," అంది ప్రమీల. "బిడ్డ ఆ పేపర్ ముక్క కత్తిరించి పెట్టుకున్నది. మా నాయిన పేరు పడ్డది, బడిల సూపెడతా అంటున్నది. తీస్కపోనియ్యాల్నా, వద్దా?"

గోడ మీది కటింగులో మూడో పేరు వైపు చూశాను. ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు.